ఎడమ గొట్టం

చిన్నబాబు తుపాకిని తెచ్చి పనిబల్ల మీద పడేసిన తీరుకే తిమోతికి ఒళ్ళు మండింది. సంతలో వంకాయల సంచి కుమ్మరించినట్టు పడేశాడు. గొట్టాల కొసలు బల్లకు బిగించిన ఇనప పట్టుకు తగిలి ఖంగుమన్నాయి. మంచి తుపాకి అది. పక్కపక్కన రెండు గొట్టాలు, వాల్‌నట్ కొయ్య పిడి. తయారుచేసినవాడెవడో గానీ కొయ్యలోని చారలు పట్టుకునే చేతికి ఎదురుగా కనిపించేలా ఎంచి మరీ చెక్కాడు. అలాంటిదానికి రొయ్యల గుంట బురద పట్టించి, తుడవకుండా గోనెసంచిలో చుట్టి తీసుకొచ్చాడు ఇతను.

"ఏంది తిమోతీ, బాగుండావా?"

చిన్నబాబుకు నలభై ఉంటాయి. తిమోతికి యాభై ఆరు. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే కంటికి ఆనేవన్నీ చిన్నబాబు గుంటలే కాబట్టి, ఎవరినైనా పేరు పెట్టి పిలిచే హక్కు అతనికి పుట్టుకతోనే వచ్చింది.

"బాగుండాను సార్."

"ఇది కర్ణాటకకి పోతాది. కాఫీ తోట ఆయనెవరో కొన్నాడు. ఆయనకి అడవిపందుల బెడదంట. మనకి కొంగలు, ఆయనకి పందులు," అని తన మాటకు తనే నవ్వుకున్నాడు చిన్నబాబు.

షాపు యజమాని శివశంకర్ నవ్వు కలిపాడు. తర్వాత తిమోతి వైపు తిరిగి, "అన్నా, గురువారం పార్సిలు పోవాల. పిన్నులు రెండూ కొత్తవి వేసి, శుభ్రం చేసి, పెట్టె కట్టెయ్యి. పాతవి పారెయ్యి," అన్నాడు.

చిన్నబాబు కారెక్కి వెళ్ళిపోయాక తిమోతి కళ్ళద్దాలు పెట్టుకుని పనిలో పడ్డాడు. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో ఆయుధాలు బాగుచేసిన చేతులు. పదహారేళ్ళ నుంచి నెల్లూరు ట్రంకు రోడ్డు వెనక సందులో ఉన్న ఈ షాపులో అదే పని. ముందు నంబరు చూసుకోవాలి. లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరూ, ఇనుము మీద కొట్టిన నంబరూ అంకె తర్వాత అంకె వేలు పెట్టి సరిచూశాడు. తర్వాత తుపాకిని నడుము దగ్గర వంచి తెరిచి, గొట్టాలు ఊడదీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. కుడి గొట్టం అద్దంలా ఉంది. ఎడమ గొట్టంలో మసి పేరుకుని ఉంది.

పిడి వైపు స్క్రూలు విప్పి పిన్నులు బయటికి తీశాడు. ట్రిగ్గరు నొక్కినప్పుడు ముందుకు దూకి తూటా అడుగున పొడిచేది ఆ పిన్నే. కుడివైపుది కంపెనీది. కొస గుండ్రంగా, బియ్యపుగింజ మొనలా ఉంది. ఎడమవైపుది కాదు. ఎవడో గుంటల దగ్గర మోటార్లు బాగుచేసేవాడు ఏదో ఇనప చువ్వను ఆకురాయితో అరగదీసి తయారుచేసిన నాటు సరుకు. కొస ఒక పక్క విరిగిపోయి ఉంది. భూతద్దం కింద పెట్టి చూస్తే నెలవంక ఆకారంలో అంచు కనిపించింది.

తిమోతి చేతులు ఆగిపోయాయి.

ఆ నెలవంకను అతను ముందే చూశాడు.

పోయిన ఫిబ్రవరిలో, తెల్లారుజామున ఉప్పుకాలవలో నడుము లోతు నీళ్ళల్లో చేత్తో రొయ్యలు తడుముతున్న ఆడవాళ్ళ మీదికి గుంట గట్టు మీద నుంచి తుపాకి పేలింది. తూటాలోని సీసపు రవ్వలు తగిలి పోలేరమ్మ ఎడమ కన్ను పోయింది. ఆమె మైపాడు దగ్గర చేపలు పట్టే పల్లెకారుల మనిషి. రోజు మార్చి రోజు తిమోతి వాళ్ళ వీధికి చేపల తట్ట తెస్తుంది. ఆమె కూతురు రోజారమణి ఆ పూట గట్టు మీద దొరికిన ఖాళీ తూటాను పోలీసులకు ఇచ్చే ముందు ఫోనులో ఫోటో తీసి తిమోతికి చూపించి, అతని ఫోనుకూ పంపింది. "పిన్ను విరిగిన తుపాకిది అమ్మా. ఈ గుర్తు మనిషికి వేలిముద్ర లాంటిది. ఇంకో తుపాకికి పడదు," అని అప్పుడు తనే చెప్పాడు. పోలీసులు చిన్నబాబు తుపాకిని పట్టుకెళ్ళి పరీక్షకు పంపారు. ఆ తూటా ఆ తుపాకిది కాదని రిపోర్టు వచ్చింది. జూన్‌లో కేసు మూసేశారు. ఆ తుపాకి చిన్నబాబుకు తిరిగొచ్చింది.

కానీ చిన్నబాబు లైసెన్సు మీద తుపాకులు రెండు.

తిమోతి విరిగిన పిన్నును మళ్ళీ దాని చోట బిగించాడు. మందూ రవ్వలూ లేని ఖాళీ తూటాకు అడుగున నిప్పు రాజేసే రాగి క్యాపు మాత్రం ఎక్కించి, ఎడమ గొట్టంలో పెట్టి, ఇసకడబ్బా వైపు తిప్పి ట్రిగ్గరు నొక్కాడు. ఠప్పుమంది. తూటా బయటికి తీసి చూశాడు. రాగిబిళ్ళ మధ్యలో, కాస్త పక్కకు ఒరిగి, నెలవంక. ఫోను తీసి రోజా పంపిన ఫోటోను పెద్దది చేసి పక్కన పెట్టాడు.

ఒక అచ్చులో పోసిన రెండు బెల్లం అచ్చులు కూడా అంత సరిగ్గా ఉండవు.

*

షాపులో కాగితాల పనంతా డెబోరాది. తిమోతి వెళ్ళే చర్చికే వస్తుంది. ఆమె ముందు చిన్నబాబు ఫైలు దొంతరగా ఉంది. తుపాకి అమ్ముతున్నానని కలెక్టరుకు ఇచ్చిన నోటీసు, దాని మీద గడిచిన నలభై అయిదు రోజుల లెక్క, కర్ణాటక ఆయన లైసెన్సు నకలు, అక్కడి అధికారుల అంగీకారం, అక్కడ తుపాకిని అందుకోబోయే షాపు వివరాలు, రవాణా అనుమతి. ఒక్క కామా తప్పు లేదు.

"ఊరి స్టేషన్ రిపోర్టు ఉండాలి కదమ్మా, ఈ తుపాకి మీద కేసులేవీ లేవని?"

"ఉందన్నా. ఇదిగో." ఆమె తీసిచ్చింది. రిపోర్టు వెనక ఇంకో కాగితం జత చేసి ఉంది. షాపు పేరున్న కాగితం. ఈ నంబరు గల తుపాకి మరమ్మతు నిమిత్తం ఫిబ్రవరి మూడు నుంచి ఇరవై ఎనిమిది వరకు మా షాపులోనే ఉన్నదని ధ్రువీకరిస్తున్నాము. కింద శివశంకర్ సంతకం. దాని కింద, 'మరమ్మతు చేసినవారు: ఎస్. తిమోతి.' పక్కన తెలుగులో గుండ్రంగా తిమోతి అని సంతకం.

తిమోతి జీవితంలో తెలుగులో సంతకం పెట్టలేదు. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరినప్పుడు నేర్చుకున్న ఇంగ్లీషు సంతకమే ఇప్పటికీ.

చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టుంది. "ఇది ఎవరు టైపు చేసినారు?"

డెబోరా తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. "సార్ చెప్తే నేనే చేసినా. మీకు చెప్పే చేయిస్తున్నారనుకున్నా అన్నా."

"ఫిబ్రవరిలో ఆ తుపాకి ఈ బల్ల మీద చూసినావా నువ్వు?"

"నేను లోపల ఉండేదాన్ని. చూళ్ళేదు. అడగలేదు."

శివశంకర్ ముందు గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. తిమోతి కాగితం తీసుకెళ్ళి అతని ముందు పెట్టి నిలబడ్డాడు. శివశంకర్ నాన్నగారి కాలం నుంచి ఉన్న మనిషి కాబట్టి తిమోతి అతన్ని పేరుతోనే పిలుస్తాడు.

"ఇదేంది శివా?"

శివశంకర్ ఫోను పెట్టేసి కాగితాన్ని చూసి, లేచి వెళ్ళి అద్దాల తలుపు మూసి వచ్చాడు. చెడ్డవాడు కాదతను. తిమోతి భార్య రెబెక్కమ్మకు ఆపరేషనైనప్పుడు రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాడు. అదే తిమోతికి ఇంకా కడుపుమంటగా ఉంది.

"అన్నా, కూర్చో. ఆయన వచ్చి అడిగినాడు. గుంటలోళ్ళందరూ ఆయన మాట మీదే మన కాడికొస్తారు. ఆ పక్క వాళ్ళు చేయి దులిపేసుకుంటే ఈ షాపుకి తాళమే కదా. ఏదో ఒక కాగితం ఇచ్చినా."

"నా పేరుతోనా?"

"మెకానిక్ పేరు లేకుంటే నమ్మరని..."

"ఒక ఆడమనిషికి కన్ను పోయింది శివా."

"పోయింది. నాకు బాధ లేదా? ఇప్పుడు నువ్వు గోల చేస్తే ఆ కన్ను వస్తాదా? చట్టప్రకారం అన్నీ అయిపోయినాయి. నోటీసు, అనుమతి, అన్నీ. పెట్టె కదిలితే ఈ పీడ రాష్ట్రం దాటిపోతాది. అదీగాక..." గొంతు తగ్గించాడు. "అబద్ధం కాగితమని తేలితే ముందు నిన్నే లోపలేస్తారు. దాని మీద ఉండేది నీ సంతకం."

అతను బెదిరించడానికి అనలేదు. నిజంగానే తిమోతి మీద జాలిపడి అన్నాడు. దెబ్బ అక్కడే గట్టిగా తగిలింది.

*

మర్నాడు మంగళవారం మధ్యాహ్నమే పని ఆపేసి తిమోతి మైపాడు బస్సెక్కాడు. కిటికీలోంచి దారి పొడుగునా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిలుకుతున్న ఏరేటర్ల చక్రాలు, గట్ల మీద పక్షులు రాకుండా కట్టిన తాళ్ళు. ఆడవాళ్ళు కాలవకు దిగే పాత దారి దగ్గర ఇప్పుడు ఇనప ముళ్ళ కంచె ఉంది.

పోలేరమ్మ ఇంటి ముందు పట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, ఏ క్షణాన్నైనా వాన వచ్చేలా ఉంది. ఆమె చెయ్యి చేప మీదికి పోయి ఒక వేలంత ఇవతలే పడుతోంది. మళ్ళీ జరిపి పట్టుకుంటోంది. ప్రతి చేపకూ రెండు సార్లు.

"ఏంది సారూ, ఇంత దూరం వచ్చినావు?"

"ఆ తుపాకి గురించి వచ్చినా పోలేరమ్మా."

"ఇంకేం తుపాకి. కేసు మూసేసినారు కదా."

"ఆయన కాడ రెండోది ఉండాది. అది షాపుకొచ్చింది. నిన్ను కాల్చింది అదే. నిన్న నా కళ్ళారా చూసినా."

ఆమె చెయ్యి ఆగలేదు. ఒక చేపను తిరగేసి, ఇంకోదాన్ని తిరగేసి, "రెండోది ఉండాదని మాకు అప్పుడే తెలుసు," అంది. "రోజా స్టేషన్లో అడిగింది. రెండోది ఏదీ అని. అప్పుడు వాళ్ళు ఒక కాగితం చూపించినారు. అది నెల్లూర్లో అంగట్లో ఉండిందంట. బాగుచేసింది తిమోతి అంట. నా బిడ్డ చదివింది నీ పేరు."

పోలేరమ్మ ఇంకో చేప తిరగేసింది.

"అబద్ధం చెప్పినావని ఇంటికొచ్చి నిన్ను తిట్టాలనుకున్నా. మళ్ళీ అనుకున్నా, తిట్టేసి రావడం మానేస్తే నీకు సులువైపోతాది. అందుకే తట్ట ఎత్తుకోని వస్తానే ఉండా. రోజు మార్చి రోజు ఈ మొకం నువ్వు చూడాల. చూస్తా నీ కూట్లో ఆ చేప తినాల."

"ఆ కాగితం నేను రాయలేదమ్మా. ఆ సంతకం నాది కాదు. నాకు తెలిసింది నిన్ననే."

ఆమె మొదటిసారి తల పూర్తిగా ఇటు తిప్పి, ఉన్న కంటితో అతన్ని తేరిపార చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. గడపలో నిలబడిన రోజారమణి ఒక్క మాట అడిగింది.

"కాగితం సంగతి నిన్న తెలిసింది సరే సార్. ఆయన కాడ రెండు తుపాకులుండాయని మీకెప్పుడు తెలుసు?"

ప్రతి ఏడాదీ ఆ రెండూ తన బల్ల మీదికే వచ్చేవి. ఫోటో చూపించిన రోజు తెలుసు. తూటా సరిపోలేదన్న రిపోర్టు వచ్చిన రోజు తెలుసు. కేసు మూసేశారని పోలేరమ్మే వీధిలో చెప్పిన రోజు, 'దేవుడు చూసుకుంటాడులే' అని తను అన్న క్షణాన కూడా తెలుసు. రెండో తుపాకి సంగతి మనసుకు రానీయకుండా జాగ్రత్తపడ్డాడు, అంతే. ఎవరూ నేరుగా అడగలేదు. తనూ నేరుగా అనుకోలేదు.

"ముందే తెలుసు," అన్నాడు.

చినుకులు మొదలయ్యాయి. తల్లీకూతుళ్ళు గబగబా పట్టా చివర్లు పట్టుకున్నారు. తిమోతి వంగి మూడో చివర పట్టుకోబోతే, "మేం చూసుకుంటాంలే సారూ," అంది పోలేరమ్మ.

ఇంటికొచ్చేసరికి తడిసిపోయాడు. రెబెక్కమ్మ తువ్వాలు ఇచ్చి, జరిగిందంతా వింది. చివరికి, "మనం తిన్న ప్రతి ముద్దా ఆమె చూస్తా ఉండిందన్నమాట," అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

*

బుధవారం శివశంకర్ పొద్దున్నే వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "పిన్నులైనాయా అన్నా?"

"చేస్తా ఉండా."

నిజంగానే చేస్తున్నాడు. గట్టి ఉక్కు చువ్వ ముక్కను లేతు యంత్రానికి బిగించి, వెంట్రుకవాసి చొప్పున తీస్తున్నాడు. పని చేతులకు అలవాటు. మనసు ఎక్కడున్నా చేతులు వాటి దారిన అవి పోతాయి. కొస గుండ్రం చేశాడు. మంట మీద ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. చుయ్యిమంది. మళ్ళీ మెల్లిగా కాచి, ఎండుగడ్డి రంగు రాగానే పక్కకు తీశాడు. విరగదు, వంగదు. పాతది తీసేసి కొత్తది బిగించి చూశాడు. తాళంలో తాళంచెవిలా కూర్చుంది.

పాత పిన్ను అరచేతిలో ఉంది. చిటికెనవేలి గోరంత పొడుగు, నాలుగు వడ్లగింజల బరువు. చెత్తడబ్బా కాలి దగ్గరే ఉంది. అరచెయ్యి వంచితే చాలు. చిన్నబాబు కడిగిన ముత్యమైపోతాడు. శివశంకర్ షాపు నిలుస్తుంది. తనకు ఉద్యోగం ఉంటుంది, మీదికి ఏ కేసూ రాదు. ఇంత తేలికైన వస్తువు మీద ఇంతమంది కూర్చున్నారా అనిపించి అతనికి మళ్ళీ కోపం తన్నుకొచ్చింది.

పదకొండు గంటలకు ఆఖరి కాగితం మీద సంతకానికి చిన్నబాబు వచ్చాడు. శివశంకర్ అతనికి ముందే ఏదో చెప్పి ఉంటాడు. సంతకం పెట్టేసి నేరుగా తిమోతి బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"నీకేదో మనసు బాగలేదంట."

తిమోతి నూనెగుడ్డతో గొట్టాలు తుడుస్తూనే ఉన్నాడు.

"ఆ పొద్దు మంచు తిమోతీ. కాలవలో కదిలేది కొంగో మనిషో ఎవురికి తెలుసు? అయినా ఆ దారిన రావద్దని ఎన్నిసార్లు చెప్పినా ఆ ఆడోళ్ళకి? నా కార్లో ఆసుపత్రికి పంపిస్తానంటే ఆ పిల్ల వద్దనింది. పొగరు. ఉండేది రెండు కళ్ళు. ఒకటి పోతే ఇంకోటి ఉండాది కదా, బతకడం లేదా? తట్ట నెత్తిన పెట్టుకోని తిరగతానే ఉండాది."

గుడ్డ ఆగింది.

"కాలవ మీదేం కాదు కదా సార్," అన్నాడు తిమోతి.

"ఏందీ?"

"కాలవ. అది ఎవురి సొత్తూ కాదు. వాళ్ళ తాతల కాడి నుంచి దిగుతుండారు."

చిన్నబాబు కాసేపు అతని మొహంలోకి చూసి, నవ్వి, లేచాడు. "పెట్టె గట్టిగా కట్టు. కుదుపులకి దెబ్బ తగిలితే ఆ కాఫీ ఆయన ఊరుకోడు," అని భుజం తట్టి వెళ్ళాడు. తట్టిన చోట చొక్కా మీద నూనె లేకపోయినా తిమోతి గుడ్డతో తుడుచుకున్నాడు.

తర్వాత అతను తుపాకిని మళ్ళీ విప్పాడు. తను చేసిన కొత్త పిన్నును తీసి బల్ల మీద పెట్టాడు. విరిగిన పాతదాన్ని దాని చోట బిగించి, స్క్రూలు పూర్తిగా బిగించాడు. గొట్టాలు వేరుగా, పిడి వేరుగా నూనెకాగితంలో చుట్టి, చెక్కపెట్టెలో మెత్తలు పెట్టి అమర్చాడు. మూత దించాడు. మేకులు కొట్టలేదు.

డెబోరా దగ్గరికెళ్ళి, "ఒక కాగితం టైపు చెయ్యాలమ్మా. నీకు ఇష్టం లేకుంటే చేత్తో రాసుకుంటా," అన్నాడు.

చెప్పింది విని ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆ అబద్ధం టైపు చేసింది నేనే కదన్నా. ఇది కూడా నేనే చేస్తా. చెప్పండి."

సాయంత్రం శివశంకర్ వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి, "అయిందా?" అన్నాడు.

"పెట్టె సిద్ధం," అన్నాడు తిమోతి. అది అబద్ధం కాదు.

*

రవాణా అనుమతిలో షాపు తరఫు మనిషిగా తిమోతి పేరే ఉంది. పార్సిలు రైలెక్కే ముందు ఆ ఏరియా పోలీసు స్టేషన్లో పెట్టె చూపించాలి, అధికారి నంబరు సరిచూసి సీలు మీద సంతకం పెట్టాలి. అదీ అనుమతిలోని ఒక షరతే. ఎన్నో ఏళ్ళుగా ఆ పని రెండు నిమిషాల్లో అయిపోయేది. హెడ్ కానిస్టేబులు పెట్టె మూత వైపైనా చూడకుండా ముద్ర కొట్టేవాడు.

గురువారం పొద్దున ఆటోలోంచి పెట్టె దించి, తిమోతి దాన్ని నేరుగా ఎస్సై గదిలోకి మోసుకెళ్ళాడు. ఎస్సై వినీలకు ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. బల్ల నిండా ఫైళ్ళు, పక్కన తినని ఇడ్లీ పొట్లం.

"బయట హెడ్డు ముద్ర వేస్తాడు కదా. నా కాడికెందుకు?"

"మీరు చూడాల మేడమ్. నాలుగో షరతు చదవండి."

ఆమె విసుగ్గా కాగితం లాక్కుని చదివింది. ఈ ఆయుధం ఏ నేరంలోనూ ఉపయోగించబడలేదని తృప్తి చెందిన మీదట అధికారి సీలుపై సంతకం చేయవలెను.

"ఊరి స్టేషన్ రిపోర్టు ఉండాది కదా?"

"ఉండాది. ఆ రిపోర్టు ఈ కాగితాన్ని నమ్మి రాసినారు. ఈ కాగితం అబద్ధం."

గుమ్మంలో నిలబడి విన్న హెడ్ కానిస్టేబులు ఫోను తీసుకుని బయటికి నడిచాడు. తిమోతి మూత తీశాడు. నూనెకాగితాలు విప్పి, పది లెక్కపెట్టేలోగా తుపాకి కూర్చి, ఖాళీగా ఉందని రెండు గొట్టాలూ ఆమెకు చూపించి, మళ్ళీ విప్పాడు. భూతద్దం, ఎడమవైపు పిన్ను, తను పరీక్షించిన తూటా, ఫోనులో రోజా తీసిన ఫోటో వరుసగా పెట్టాడు. చివర్న డెబోరా టైపు చేసిన కాగితం. తుపాకి ఏ రోజు షాపుకొచ్చిందో, పిన్ను ఎలా ఉందో, దాన్ని మార్చమని ఎవరు చెప్పారో, తను ఎందుకు మార్చలేదో, ఫిబ్రవరిలో ఆ తుపాకి షాపులో లేదన్న సంగతీ, సంతకం తనది కాదన్న సంగతీ. ఆఖరి వాక్యం తిమోతే చేత్తో చేర్చాడు: ఆ వ్యక్తికి రెండు తుపాకులు ఉన్నవని నాకు తెలిసియుండి కూడా ఎవరికీ చెప్పలేదు.

వినీల చాలాసేపు చదివింది. భూతద్దంతో చూసింది. మళ్ళీ చదివింది.

"ఈ దొంగ కాగితం మీద ముందు చిక్కేది మీరే. తెలుసా?"

"తెలుసు."

"ఇది నా స్టేషన్ కేసు కాదు. పై వాళ్ళు మూసేసిన కేసు. మీరు దీన్ని ఇంకెక్కడికైనా తీసకపోయి ఉండొచ్చు కదా," అంది ఆమె. గొంతులో కోపం ఉంది. ఎవరి మీదో ఆమెకే తెలిసినట్టు లేదు. లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. "నేను చూడలేదనుకోని ముద్ర కొట్టేస్తే?"

"కొట్టొచ్చు మేడమ్. ఈ కాగితం నకళ్ళు నిన్న సాయంత్రమే రిజిస్టరు పోస్టులో పోయినాయి. కలెక్టరాఫీసుకి ఒకటి, ఎస్పీ ఆఫీసుకి ఒకటి, కర్ణాటకలో కొనే ఆయనకి ఒకటి. సీలు మీద మటుకు మీ సంతకం ఉంటాది."

వినీల తిరిగొచ్చి కూర్చుంది. న్యాయం కోసం ప్రాణం పెట్టే మనిషి మొహం కాదది. పరాయివాడి పాపం మీద తన సంతకం పడకూడదనుకునే ఉద్యోగి మొహం. తిమోతికి అదే చాలు. ఆమె స్టేషన్ డైరీ ముందుకు లాక్కుని, తేదీ వేసి, సమయం వేసి, తుపాకి నంబరు అంకె తర్వాత అంకె పలుకుతూ రాయడం మొదలుపెట్టింది.

ఆమె నాలుగో వాక్యంలో ఉండగా ఫోను మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. మూడోసారి ఎత్తింది. అవతలి గొంతు తిమోతికి వినిపించలేదు గానీ, కేసు మూసేసిన పై అధికారుల్లో ఎవరో అయి ఉంటారని ఊహించగలడు. ఆమె, "సార్... అవును సార్... లేదు సార్," అంటూ కలంతో కాగితం మూల పొడుస్తూ వింది. చివరికి, "డైరీలో ఎక్కేసింది సార్. ఎక్కినదాన్ని నేను కొట్టెయ్యలేను. తుపాకి ల్యాబుకి పోవాల్సిందే," అని పెట్టేసింది. ఇడ్లీ పొట్లం పక్కకు జరిపి, తిమోతి వైపు తిరిగింది.

"బయట కూర్చోండి. మీ సంతకం నమూనాలు కావాల. వేలిముద్రలూ కావాల. ఆ ఆడమనిషినీ, ఫోటో తీసిన పిల్లనీ పిలిపిస్తా. మీరు ఇంటికి పోలేరు ఇప్పుడే."

వరండాలో శివశంకర్ నిలబడి ఉన్నాడు. పరుగెత్తుకొచ్చినట్టు చొక్కా తడిసిపోయింది. "పదహారేళ్ళు అన్నా," అన్నాడు. "పదహారేళ్ళు నాన్న షాపులో..."

"పదహారేళ్ళలో నా సంతకం ఎట్టుంటాదో నీకు తెలీదా శివా?"

లోపలి నుంచి కానిస్టేబులు శివశంకర్‌ను పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో పిలిచారన్నట్టు వెనక్కి చూసి, తర్వాత లోపలికి నడిచాడు.

ఒంటిగంట దాటాక పోలేరమ్మ, రోజా వచ్చారు. బస్సు దిగి నడిచొచ్చారు. వరండాలో ఉన్న ఒకే బల్ల మీద తిమోతి ఉన్నాడు. పోలేరమ్మ దాని రెండో చివర కూర్చుంది.

"ఆయన మీద కన్నా నీ మీదే ఎక్కువ కోపం ఉన్నింది నాకు," అంది ఆమె, ఎదురుగా ఉన్న గోడతో చెప్పినట్టు. "వాడు ఎట్టాంటోడో తెలుసు. నిన్ను మనిషనుకున్నా."

"కోపం ఉండాల్సిందే."

"ఇప్పటికీ పోలేదు."

"పోవాలని రాలేదు పోలేరమ్మా."

ఆమె తలాడించింది. లోపల ఎవరో కుర్చీ జరిపారు. కానిస్టేబులు గుమ్మంలోకొచ్చి, చేతిలో సిరా పలకతో, "తిమోతి ఎవురు? వేలిముద్రలకి రా," అని కేకేశాడు. ఆ పిలుపులో అప్పుడే ముద్దాయిని పిలిచే తీరు ఉంది. తిమోతి లేచాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంటూ నడిచాడు.

గుమ్మం దాటుతుండగా వెనక పోలేరమ్మ గొంతు వినిపించింది.

"రోజా, నువ్వు కూడా లోపలికి పో. ఫోను తీసకపో. ఏం అడగతారో, ఆయనేం చెప్తాడో, వాళ్ళేం రాసుకుంటారో అన్నీ పక్కనుండి చూడు. ఈ తూరి ఏ కాగితం మీదైనా సరే, మనం చూడకుండా ఎవురి పేరూ పడగూడదు."

రోజా చెప్పులు వరండాలో విడిచి, తిమోతి వెనకే లోపలికి వచ్చింది.